కష్టాల్లో ఉన్న విశ్వాసికి ఆడియో బైబిల్ యాప్ ఎంతవరకు పనికొస్తుంది? నా రివ్యూ

ముందే చెప్తున్నా, ఇది యాప్ ఎన్ని ఎంబీ ఉంది, డార్క్ మోడ్ ఉందా లేదా లాంటి రివ్యూ కాదు, అవి కావాలంటే యాప్ స్టోర్‌లో బోలెడు ఉంటాయి. వ్యాపారం మూతపడి, డబ్బులు ఇవ్వాల్సినవాళ్ళ ఫోన్ ఎత్తాలంటే చెయ్యి వణికే టైంలో, ప్రార్థనకి మోకరిస్తే నోట ఒక్క మాట రాని టైంలో నేను వాడిన ఒక ఫ్రీ ఆడియో బైబిల్ యాప్ గురించి ఇది. పేరు రాయట్లేదు, ఎందుకంటే నేను చెప్పబోయే ఫీచర్లు ఇప్పుడు వచ్చే బైబిల్ యాప్స్ చాలావాటిలో ఉంటాయి, మీ ఫోన్‌లో ఏది ఉన్నా ఈ మాటలు సరిపోతాయి.

ఒక్క మాటలో నా అభిప్రాయం: ఈ యాప్ వాక్యాన్ని ముక్క చేసి చేతికిచ్చిన ప్రతిచోటా నాకు పనికిరాలేదు, అధ్యాయం మొత్తం వినిపించిన ప్రతిచోటా నన్ను నిలబెట్టింది. మిగతాదంతా ఈ మాటకి వివరణే.

మొదట వాగ్దాన కార్డుల సంగతి. పొద్దున్నే నోటిఫికేషన్ వస్తుంది, వెనకాల సూర్యోదయమో కొండలో ఉన్న ఫోటో, దాని మీద ఒక వచనం, కింద షేర్ బటన్. ఎక్కువసార్లు వచ్చేది యిర్మీయా 29:11, మీ గురించి నా ఆలోచనలు సమాధానకరమైనవే గాని హానికరమైనవి కావు అనే మాట. చాలా గొప్ప మాట, అందులో డౌట్ లేదు. కానీ అన్నీ పోయినవాడు ఆ కార్డు చూసి ఏమనుకుంటాడు? ఈ నెలలోనే ఏదో ఒకటి తిరగబడుతుంది అనుకుంటాడు, ఆ నెల అయిపోతుంది, ఏమీ జరగదు, అప్పుడు వాక్యం మీదే కోపం వస్తుంది. అదే అధ్యాయం ఆడియోలో మొదటి నుంచి పెట్టుకుని వినండి, కథ పూర్తిగా వేరు. అది చెరలో ఉన్నవాళ్ళకి యిర్మీయా ప్రవక్త రాసిన ఉత్తరం, క్రీస్తుపూర్వం 597లో బబులోను రాజు నెబుకద్నెజరు యెరూషలేము నుంచి బబులోనుకి పట్టుకుపోయినవాళ్ళకి. దాని ముందు 28వ అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త రెండేళ్ళలో అంతా సర్దుకుంటుంది, అందరూ తిరిగొచ్చేస్తారు అని చెప్తాడు, వినడానికి ఎంత బాగుంటుందో. అది దేవుడు పంపిన మాట కాదు. దేవుడు పంపిన మాట 29:10లో ఉంది, డెబ్బై ఏళ్ళు. అంటే ఆ ఉత్తరం చదివినవాళ్ళలో చాలామంది పెద్దవాళ్ళు తిరిగి సొంత ఊరు చూడకుండానే చనిపోతారు. అందుకే ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పిల్లలకి పెళ్ళిళ్ళు చేయండి, మిమ్మల్ని పట్టుకుపోయిన ఆ పట్టణం క్షేమం కోసమే ప్రార్థన చేయండి అంటాడు దేవుడు. ఇదంతా విన్నాక 11వ వచనం వస్తే అది గుండెలో వేరేగా దిగుతుంది. కష్టం రేపే పోతుందని కాదు, ఈ కష్టం మధ్యలో కూడా ఆయన నన్ను మర్చిపోలేదని. రెండేళ్ళ మాట మీద కట్టుకున్న విశ్వాసం మూడో ఏడు కూలిపోతుంది, డెబ్బై ఏళ్ళ మాట మీద కట్టుకున్నది కూలదు. ఆ తేడా కార్డులో కనపడదు.

ఫిలిప్పీయులకు 4:13 కూడా అంతే, నన్ను బలపరచేవాడి వల్ల అన్నీ చేయగలను అని పరీక్షల ముందు, ఇంటర్వ్యూల ముందు అందరూ స్టేటస్ పెట్టుకుంటారు. పౌలు ఆ మాట రాసింది సంకెళ్ళలో ఉండి, దాని ముందు వచనంలో కడుపు నిండా తిన్నా, ఆకలితో ఉన్నా ఎలా ఉండాలో నేర్చుకున్నా అంటాడు. అంటే ఫెయిలైనా నిలబడగలను అనే అర్థం కూడా అందులో ఉంది. దీని మీద ఎక్కువ చెప్పను.

కానీ ఒక కార్డు గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. యోబు 8:7, నీ స్థితి మొదట కొద్దిగా నుండినను తుదను నీవు మహాభివృద్ధి పొందుదువు. మన దగ్గర ఈ వచనం ఎన్ని క్యాలెండర్ల మీద, ఎన్ని షాపుల గోడల మీద ఉందో అందరికీ తెలుసు, యాప్‌లో కూడా బంగారు రంగు అక్షరాలతో వస్తుంది. ఇది దేవుడి మాట కాదు, యోబు మాట కూడా కాదు, కష్టంలో ఉన్న యోబుని ఓదార్చడానికి వచ్చిన స్నేహితుల్లో ఒకడైన బిల్దదు మాట. అదే ప్రసంగంలో, దీనికి మూడు వచనాల ముందు, అతను ఏమంటాడో తెలుసా, నీ పిల్లలు పాపం చేశారేమో, అందుకే దేవుడు వాళ్ళని శిక్షకి అప్పగించాడేమో అంటాడు. పదిమంది పిల్లల్ని ఒకేరోజు పోగొట్టుకుని బూడిదలో కూర్చున్న తండ్రితో ఆ మాట! చివర్లో 42:7లో దేవుడు ఈ స్నేహితుల మీద కోపపడి, నా సేవకుడైన యోబు మాట్లాడినట్టు మీరు నా గురించి సరిగ్గా మాట్లాడలేదు అంటాడు. యోబు చివరి రోజులు మొదటి రోజుల కంటే ఎక్కువగా దీవించబడ్డాయి నిజమే, కానీ బిల్దదు చెప్పిన లెక్క ప్రకారం కాదు. మంచివాడివైతే పైకొస్తావు, పైకి రాలేదంటే ఎక్కడో పాపం ఉంది, ఇదే ఆ లెక్క. నష్టపోయినవాడి ఇంటికి వచ్చి ఇదే లెక్క చెప్పేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, నాకూ తగిలారు, అందుకే ఆ కార్డు చూస్తే నాకు మనసు ఒప్పదు.

ఇక ఆడియో. ఇక్కడ మాత్రం ఎంత పొగిడినా తక్కువే. చదివే ఆయన గొంతులో నాటకం లేదు, వెనకాల మ్యూజిక్ ఆఫ్ చేసుకోవచ్చు, స్పీడ్ తగ్గించుకోవచ్చు. నిద్ర పట్టని రాత్రులు ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని యోబు గ్రంథం తక్కువ స్పీడ్‌లో వినేవాణ్ణి. కళ్ళతో చదివేటప్పుడు మనం ఏం చేస్తామంటే మొదటి రెండు అధ్యాయాలు చదివి సరాసరి 42కి దూకుతాం, పోయింది, మళ్ళీ వచ్చింది, ఆమేన్. ఆడియోలో దూకడం కుదరదు. మూడో అధ్యాయంలో తను పుట్టిన రోజుని యోబు శపించుకోవడం వినాలి, తర్వాత అధ్యాయం తర్వాత అధ్యాయం వాదన వినాలి, ఎందుకు నన్ను శత్రువులా చూస్తున్నావు అని దేవుణ్ణే నిలదీయడం వినాలి, మధ్యలో విసుగొస్తుంది, ఇంకా అవలేదా అనిపిస్తుంది. అదే కదా కష్టం అంటే, ఇంకా అవలేదా అనిపించడమే. 38వ అధ్యాయంలో సుడిగాలిలోంచి దేవుడు మాట్లాడేసరికి వినేవాడికి కూడా గొంతు ఎండిపోయి ఉంటుంది. అప్పుడు కూడా ఆయన కారణం చెప్పడు. పరలోకంలో సాతాను అడిగిన ప్రశ్న, యోబు ఊరికే దేవుడికి భయపడుతున్నాడా అనే ప్రశ్న, మనకి తెలుసు గానీ యోబుకి చివరిదాకా ఎవరూ చెప్పరు. తెలియకుండానే ఆ ప్రశ్నకి తన బతుకుతో జవాబిచ్చాడు. నా విశ్వాసంలో ఎంత భాగం దేవుని మీద ఉంది, ఎంత భాగం నా బ్యాంకు బ్యాలెన్స్ మీద ఉంది అనేది నాకు తేలింది కూడా ఇక్కడే, బ్యాలెన్స్ పోతేగానీ అది బయటపడదు.

ఆటోప్లే గురించి ఒకటి చెప్పాలి. 88వ కీర్తన చాలామంది చదివి ఉండరు, కూటాల్లో పెద్దగా ఎవరూ ఎత్తరు. అది దేవా అని మొదలై చీకటి దగ్గర ఆగిపోతుంది, చివర్లో స్తుతి లేదు, అయినా నేను నమ్ముతున్నా అనే లైను కూడా లేదు, నా స్నేహితులు దూరమయ్యారు, నాకు మిగిలింది చీకటే అన్నట్టు ముగుస్తుంది. అది విని నేను అలాగే ఉండిపోయా. అయితే యాప్ రెండు మూడు సెకన్లలో 89వ కీర్తన మొదలుపెట్టేస్తుంది, అది కృపను నిత్యం కీర్తిస్తా అని మొదలవుతుంది. దయచేసి డెవలపర్లు ఇక్కడ టైమర్ పెట్టకుండానే ఆటోప్లే ఆగే ఆప్షన్ ఇవ్వాలి. చీకట్లో ఉన్నవాడి ప్రార్థనని దేవుడు తన గ్రంథంలోనే ఉంచాడు, దాన్ని ఎవరూ సరిదిద్దలేదు, కింద సంతోషకరమైన ముగింపు అతికించలేదు. ఏడుపు కూడా విశ్వాసమే అని, ఎందుకంటే ఏడ్చేది ఆయన ముందే కాబట్టి, ఈ కీర్తన చెప్పినంత బాగా నాకు ఎవరూ చెప్పలేదు. నిజానికి 89 కూడా సంతోషంగా ముగియదు, సగం దాటాక దావీదు సింహాసనం నేలపాలైంది, ఎంతకాలం ప్రభువా అని మళ్ళీ మొదలవుతుంది. వరసగా వింటే తప్ప ఇది తెలియదు.

స్ట్రీక్ ఫీచర్ నాకు అస్సలు నచ్చలేదు. రోజూ చదివితే నంబర్ పెరుగుతుంది, ఒక్కరోజు తప్పితే సున్నా, మళ్ళీ మొదటి రోజు నుంచి మొదలుపెట్టండి అని మెసేజ్. మామూలు రోజుల్లో ఇది మంచి అలవాటు చేయొచ్చు, కాదనను. కానీ మంచం మీంచి లేవడమే గగనంగా ఉన్నవాడికి ఫోన్ తెరవగానే సున్నా చూపిస్తే వాడు ఏమనుకుంటాడు, దేవుడి దగ్గర కూడా నా లెక్క సున్నా అయిపోయింది అనుకుంటాడు. అలా అనుకునేవాళ్ళందరికీ పేతురు కథ చెప్పాలని నా కోరిక.

లూకా 22లో యేసు ప్రభువు తన శిష్యుడు పేతురుతో ముందే చెప్తాడు, సాతాను మిమ్మల్ని గోధుమల్లా జల్లించాలని అడిగాడు, నీ నమ్మిక తప్పిపోకుండా నేను నీ కోసం వేడుకున్నా అని. జల్లెడ పట్టకుండా చూడమని వేడుకోలేదు, గమనించండి, జల్లెడలో నమ్మిక పోకుండా వేడుకున్నాడు. ఆ వెంటనే, నువ్వు తిరిగి వచ్చాక నీ సోదరుల్ని స్థిరపరచు అన్నాడు. అంటే పడిపోక ముందే తిరిగి వస్తావని చెప్పేశాడు, వచ్చాక చేయాల్సిన పని కూడా అప్పగించేశాడు. ప్రభువుని పట్టుకుపోయిన ఆ రాత్రి ప్రధానయాజకుడి ఇంటి వాకిట్లో బొగ్గుల మంట దగ్గర చలి కాచుకుంటూ పేతురు ముమ్మారు ఆయన నాకు తెలియదు అన్నాడు. యోహాను సువార్తలో బొగ్గుల మంట ఇంకొక్క చోటే ఉంటుంది, 21వ అధ్యాయంలో, రాత్రంతా వల వేసినా ఒక్క చేప కూడా పడక, తెల్లవారాక ప్రభువు మాట మీద వల నిండితే ఒడ్డుకి వచ్చిన పేతురు కోసం ప్రభువు అక్కడ మంట వేసి, చేప, రొట్టె సిద్ధం చేసి ఉంచాడు. తిన్న తర్వాత నన్ను ప్రేమిస్తున్నావా అని మూడుసార్లు అడిగాడు, మూడుసార్లూ నా గొర్రెల్ని చూసుకో అని పని ఇచ్చాడు. లెక్క సున్నాకి తెచ్చి మళ్ళీ శిష్యుడిగా మొదటి రోజు నుంచి మొదలుపెట్టు అనలేదు. అదే పేతురు తర్వాత పొంతు, గలతీయ, కప్పదొకియ, ఆసియ, బితూనియ అనే చోట్ల చెదిరిపోయి కష్టాలు పడుతున్నవాళ్ళకి ఉత్తరం రాస్తూ, నశించిపోయే బంగారమే అగ్నిలో శుద్ధి అవుతుంది కదా, దానికంటే మీ విశ్వాసం ఎంతో విలువైనది అంటాడు. బంగారం కరగాలంటే 1064 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి, అంత వేడిలోనూ బంగారం కాలి బూడిదవదు, అందులో కలిసిన మష్టు విడిపోతుంది. పేతురులో ఏది విడిపోయిందో సువార్తలు చదివితే తెలుస్తుంది, అందరూ నిన్ను వదిలేసినా నేను మాత్రం వదలను అనే ఆ గొప్ప. ప్రేమ మిగిలింది. పెద్ద పెద్ద మాటలు పోయి, ప్రభువా, నీకు అన్నీ తెలుసు అనే చిన్న మాట మిగిలింది. నాకైతే 1 పేతురు వినే ముందు ఈ రెండు మంటల దగ్గర ఆగి రమ్మని అందరికీ చెప్పాలనిపిస్తుంది.

మార్కు కూడా అంతే, పౌలు, బర్నబాలతో సువార్త పనికి వెళ్ళి పంఫూలియలో వాళ్ళని వదిలేసి వెనక్కి వెళ్ళిపోయాడు, అతన్ని మళ్ళీ తీసుకెళ్ళాలా వద్దా అని పౌలు, బర్నబా తీవ్రంగా గొడవపడి విడిపోయారు. చివర్లో 2 తిమోతి 4:11లో అదే పౌలు, మార్కుని వెంటబెట్టుకుని రా, నాకు పనికొస్తాడు అని రాస్తాడు. సేవలో ఫెయిల్ అయ్యాం అనుకునేవాళ్ళు ఈ వచనానికి హైలైట్ వేసుకోండి.

రీడింగ్ ప్లాన్స్‌లో విశ్వాస వీరులు అని ఒకటి ఉంది, హెబ్రీ 11 మీద. బాగుంది గానీ 35వ వచనం సగంలోనే ఆపేశారు. సింహాల నోళ్ళు మూశారు, అగ్ని బలాన్ని చల్లార్చారు, చనిపోయినవాళ్ళని తిరిగి పొందారు, అక్కడితో ప్లాన్ కంప్లీట్, బ్యాడ్జ్. దాని తర్వాత మరికొందరు అని మొదలవుతుంది కదా, కొరడా దెబ్బలు తిన్నారు, రాళ్ళతో కొట్టబడ్డారు, రంపాలతో కోయబడ్డారు, గొర్రె చర్మాలు కప్పుకుని గుహల్లో తిరిగారు. వీళ్ళూ విశ్వాసం వల్లే సాక్ష్యం పొందారు అని అదే అధ్యాయం చెప్తుంది, తప్పించుకున్నవాళ్ళది ఎక్కువ విశ్వాసం, తప్పించుకోనివాళ్ళది తక్కువ అని చెప్పదు. ఆ ముక్క కోసేస్తే, ప్రార్థించినా నయం కాని రోగికి, ఉద్యోగం తిరిగి రానివాడికి ఆ అధ్యాయంలో చోటు లేకుండా పోతుంది. దీనికి ఒక స్టార్ తీసేశా.

మిషనరీల జీవితాలు అని చిన్న చిన్న ఆడియోలు కూడా ఉన్నాయి. వాటిలో అదోనిరామ్ జడ్సన్‌ది వినండి. 1813లో బర్మా వెళ్ళాడు, మొదటి వ్యక్తి బాప్తిస్మం తీసుకుంది 1819లో. 1824లో బ్రిటిష్‌వాళ్ళతో బర్మాకి యుద్ధం మొదలైతే గూఢచారి అనుకుని జైల్లో వేశారు, ఏడాదికి పైగా సంకెళ్ళలోనే, అనువాదం చేసిన కాగితాల్ని భార్య ఆన్ దిండులో పెట్టి కుట్టి ఆయన దగ్గర దాచింది. విడుదలయ్యాడు, 1826లో ఆన్ చనిపోయింది, కొన్ని నెలలకే పాప కూడా. ఆ తర్వాత ఆయన మనసు పూర్తిగా విరిగిపోయింది, అడవిలో ఒంటరిగా ఉన్నాడు, దేవుడు కనపడటం లేదన్నంత దిగులులోకి వెళ్ళాడు. 1834లో బర్మా భాషలో బైబిల్ అనువాదం పూర్తిచేశాడు. ఆడియోలో ఈ విరిగిపోయిన రోజుల్ని ఒక్క వాక్యంలో దాటేసి అనువాదం దగ్గరికి పరిగెత్తారు, నాకైతే ఆ రోజుల గురించే ఇంకా చెప్పాలి అనిపించింది. విలియం కేరీ భాగం మాత్రం బాగా చేశారు, 1793లో ఇండియా వచ్చి 1800 చివరిదాకా ఒక్క భారతీయుడి బాప్తిస్మం కూడా చూడకపోవడం, మధ్యలో ఐదేళ్ళ కొడుకు చనిపోవడం, భార్య డొరొతి మతిస్థిమితం కోల్పోవడం, 1812 మార్చిలో సీరాంపూర్ ప్రెస్ కాలిపోయి ఏళ్ళ తరబడి రాసిన కాగితాలు బూడిదవడం, మళ్ళీ మొదటి నుంచి పనిలో కూర్చోవడం, ఏదీ దాచకుండా చెప్పారు.

యాప్‌లో ప్రేయర్ వాల్ ఉంది, మన విన్నపం పెడితే ఎవరెవరో ప్రార్థించాం బ్రదర్ అని నొక్కుతారు. మంచిదే, కానీ కింద కామెంట్లలో మీలో ఒప్పుకోని పాపం ఏదైనా ఉందేమో చూసుకోండి అని కొందరు రాస్తుంటారు. యోహాను 9లో పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు అడిగిందీ ఇదే ప్రశ్న, వీడా పాపం చేసింది, వీడి అమ్మానాన్నలా అని. ప్రభువు రెండూ కాదన్నాడు. మోడరేటర్లు ఇలాంటివి తీసేస్తే బాగుంటుంది.

ఇంకో విషయం, కష్టం వస్తే విశ్వాసం దానంతటదే మెరిసిపోతుంది అని నేను చెప్పట్లేదు. మార్కు 4లో రాతినేల మీద పడ్డ విత్తనం శ్రమ రాగానే ఎండిపోతుంది అని ప్రభువే చెప్పాడు. అలా ఎండిపోయినవాళ్ళని చూశాను, వాళ్ళని తక్కువ చేసి మాట్లాడటానికి నాకు నోరు రాదు. వేరు కింద తడి కావాలి, వాక్యం కావాలి, పక్కన మనిషి కావాలి. ఏలీయా ప్రవక్త బదరీ చెట్టు కింద నన్ను చంపెయ్ అని పడుకుంటే దేవుడు ముందు ప్రసంగం చేయలేదు, దేవదూత తట్టి లేపి రొట్టె పెట్టాడు, నీళ్ళు ఇచ్చాడు, మళ్ళీ పడుకోనిచ్చాడు. ఆ పని యాప్ చేయలేదు. కాబట్టి మీ పరిస్థితి చచ్చిపోవాలి అనిపించేదాకా వస్తే ఇయర్‌ఫోన్స్ పక్కన పెట్టి ఇంట్లోవాళ్ళకి చెప్పండి, పాస్టర్ గారికి చెప్పండి, డాక్టర్ దగ్గరికి వెళ్ళండి, అది విశ్వాసం తక్కువవడం కాదు.

నోట్స్ ఫీచర్ బాగుంది, ఏ వచనం దగ్గర ఏం రాసుకున్నా డేట్‌తో సహా ఉంటుంది. 2 కొరింథీ 1:8 దగ్గర, బ్రతుకుతామనే నమ్మకం కూడా లేనంతగా కుంగిపోయాం అని పౌలు రాసిన చోట, నేను ఏమీ రాయకుండా ఊరికే హైలైట్ వేసి వదిలేశా. తర్వాత ఎప్పుడో వచ్చి దాని పక్కవచనం, చనిపోయినవారిని లేపే దేవుని మీదే నమ్మకం ఉంచడానికి అలా జరిగింది అనే దానికీ రంగు వేశా. రెండు రంగులు, రెండు డేట్లు. మధ్యలో ఏం జరిగింది అంటే బయట పెద్దగా ఏమీ మారలేదు, అప్పు ఇంకా తీరుస్తూనే ఉన్నా.

మొత్తానికి ఐదుకి మూడున్నర. ఆడియోకి ఐదు, నోట్స్‌కి నాలుగు, కార్డులకి, స్ట్రీక్‌కి కలిపి ఒకటి. ఇన్‌స్టాల్ చేసుకున్నాక సెట్టింగ్స్‌లోకి వెళ్ళి రోజువారీ వచనం నోటిఫికేషన్, స్ట్రీక్ రిమైండర్ రెండూ ఆఫ్ చేసుకోండి, స్పీడ్ కాస్త తగ్గించుకోండి, స్లీప్ టైమర్‌ని అధ్యాయం అయ్యేవరకు అనే దాని మీద పెట్టుకోండి. మొదటిసారి వినేవాళ్ళు యోబుతో కాకుండా 1 పేతురుతో మొదలుపెట్టండి, ఐదే అధ్యాయాలు, ఒకే రాత్రి అయిపోతుంది. ఎవరైనా హెబ్రీ 11 చివరిదాకా ఉన్న ప్లాన్ వేరే యాప్‌లో చూసి ఉంటే కింద చెప్పండి, మా సంఘంలో ఒక సిస్టర్‌కి పంపించాలి.